నల్లరేగడిలో మోడల్ మొదలుపెట్టే ముందు

పాపా,

చెత్తదిబ్బ కింది నైట్రేట్ బావుల్లోకి ఎన్నాళ్లకు దిగుతుందో కంప్యూటర్లో లెక్క కడతానంటున్నావని మీ నాయన ఫోన్లో చెప్పాడు. నా పని ఇంట్లో ఇంకొకరు పట్టుకున్నారని మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పుకున్నా. కానీ స్థలం కర్నూలు పక్క నల్లరేగడి అనగానే టెన్షన్ పట్టుకుంది.

మట్టిలో నీటి కదలికను చెప్పే రిచర్డ్స్ సమీకరణం, మట్టి నీటిని పట్టుకునే తీరు చెప్పే వాన్ గెనుక్టెన్ సూత్రం నీకు కొత్త కాదు, ఈ లెక్కలు కట్టే హైడ్రస్ సాఫ్ట్‌వేర్‌లో రెండూ ఉన్నాయి. పైపొరలో మెష్, అంటే లెక్క కోసం మట్టిని విడగొట్టే గళ్లు, సన్నగా పెట్టు. ప్రతి రన్ తర్వాత నీటి జమాఖర్చు, అంటే లోపలికి పోయిన నీళ్లకూ బయటికొచ్చి, మిగిలిన నీళ్లకూ లెక్క కుదిరిందో లేదో చూసుకో.

ఒకప్పుడు ఇలాంటి దిబ్బ మీదే ఒక రిపోర్టు నా దగ్గరికి వచ్చింది. ఎవరిదో అడగొద్దు. మట్టిని ల్యాబ్‌కు తెచ్చి, ఎండబెట్టి, నలిపి, జల్లించి, గొట్టంలో కూరి నీళ్లు పోశారు. నలిపిన మట్టిలో నెర్రె ఎక్కడుంటుంది? నీళ్లు బొట్టు బొట్టుగా దిగాయి. ఆ అంకెనే మోడల్లో పెట్టి, మురుగు బావికి చేరడానికి ఏళ్లు పడుతుందని తేల్చారు. గ్రాఫ్ ఎంత నున్నగా ఉందనుకున్నావు! మే నెలలో ఆ చేనికి పోతే నెర్రెలో నా చెయ్యి మోచేతి దాకా దిగింది. మొదటి పెద్దవానకే పక్క బావిలో నీళ్లు రంగు మారాయి. మట్టి తడిసి ఉబ్బి నెర్రెలు పూడుకునే లోపే మురుగు కిందికి పోయింది.

అందుకే నీళ్లు దిగడానికి నెర్రెకొక దారి, మట్టిగడ్డకొక దారి ఉండే మోడల్ వాడు, హైడ్రస్‌లో ఆ ఏర్పాటుంది. వాన లెక్క గంటల వారీగా తీసుకో. రోజంతటికీ సగటు చేశావంటే గంటలో కుమ్మరించిన వాన కాస్తా చిరుజల్లు అయిపోతుంది, నెర్రెలోకి చుక్క పోదు. ఎండలకు భయపడి, వానలకు నెర్రెలు పూడుకున్నాక సెప్టెంబరులో కొలతలు తీసుకోకు. తీసుకుంటావని తెలుసు, అందుకే ముందే తిడుతున్నా.

నమూనాల గొయ్యి నడుము లోతు దాటితే లోపలికి దిగొద్దు. రేగడి గోడ చెప్పి కూలదు. ఈ ఒక్కటి నా మాట విను తల్లీ.

నీళ్లు తాగొచ్చా అని ఊళ్లో అడుగుతారు. మోడల్ చూసి జవాబు చెప్పకు, బావి నీళ్లే పరీక్ష చేయించు. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లతో చంటిబిడ్డలకు పాలు కలపొద్దని ముందు తల్లులకు చెప్పు.

నెర్రెల మీద పెట్టి నీళ్లు ఎంత వేగంగా దిగుతాయో కొలవడానికి నా దగ్గర పెద్ద ఇనుప రింగు ఉంది. కాస్త తుప్పు పట్టింది, పనికొస్తుంది. వచ్చేటప్పుడు జీపు మాట్లాడుకుని రా, బస్సులో ఎక్కించుకోరు.

మీ పెదనాయన