ఊరి చరిత్ర రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ మండలంలో చరిత్ర సంఘం ఏర్పడిందనీ, సంఘం తేబోయే తొలి సంచికలో మీ ఊరి చరిత్ర రాసే బాధ్యత నీకు అప్పగించారనీ తెలిసి చాలా సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. పల్నాటి ఊళ్ల గురించి రాసేవారు సాధారణంగా కైఫీయతుతో, అంటే ఊరి పూర్వ సంగతులను అడిగి రాసిపెట్టిన పాత వృత్తాంతంతో మొదలుపెడతారు. నువ్వూ అలాగే చెయ్యి, కాని ఆ కైఫీయతు ఎలా తయారైందో ముందు తెలుసుకో.

19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కర్నల్ మెకంజీ కింద పనిచేసిన మనవాళ్లు ఊరూరా తిరిగి, కరణాలు చెప్పిన సంగతులనూ, వారి ఇళ్లలోని దండకవిలెల్లో, అంటే పాత గ్రామ లెక్కల పుస్తకాల్లో ఉన్న సంగతులనూ రాసుకున్నారు. ఈ పనికి దారి చూపిన కావలి వెంకట బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే కన్నుమూయగా, ఆయన సోదరుడు లక్ష్మయ్య దాన్ని కొనసాగించాడు. తరువాతి కాలంలో ఆ కాగితాలు శిథిలమవుతుంటే బ్రౌన్ దొర పూనుకుని ప్రతులు రాయించాడు. కనుక నీ చేతికి వచ్చే కైఫీయతు కరణం నోటి నుంచి గుమస్తా కలానికీ, అక్కడినుంచి లేఖకుడి కలానికీ చేరి, చివరికి అచ్చుకెక్కింది.

గుంటూరు సీమ కైఫీయతులు నాలుగు చదివితే ఒక వాక్యం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. గణపతిదేవ మహారాజుల ప్రధాని గోపరాజు రామన్న శాలివాహన శకం 1067, రక్తాక్షి నామ సంవత్సర భాద్రపద అమావాస్యనాడు, సూర్యగ్రహణ పుణ్యకాలంలో నియోగి బ్రాహ్మణులకు గ్రామ మిరాశీలు, అంటే వంశపారంపర్యంగా వచ్చే కరణీకపు హక్కులు ఇచ్చాడని ఆ వాక్యం చెబుతుంది. శకానికి 78 కలిపితే 1145 అవుతుంది. లెక్కించే పద్ధతిని బట్టి వచ్చే ఒక ఏడాది తేడాను పక్కన పెడితే రక్తాక్షి సరిపోతుంది. సరిపోనిది రాజు: కాకతి గణపతిదేవుడు సింహాసనమెక్కింది 1199లో. కొత్తగా రాసేవారిలో కొందరు ఈ తేదీని ఊరి పుట్టుక తేదీగా రాసేస్తారు, మరికొందరు కట్టుకథ అని కొట్టిపారేస్తారు. నా దృష్టిలో రెండూ నష్టమే. కాకతీయుల కాలానికి ఆ వాక్యం సాక్ష్యం కాదు గాని, మెకంజీ మనుషులు వచ్చి అడిగిన నాటికి కరణాలు తమ మిరాశీ హక్కును ఏ రాజుతో, ఏ గ్రహణంతో ముడిపెట్టి చెప్పుకునేవారో దానికి మాత్రం గట్టి సాక్ష్యం. కాబట్టి వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసి, నీ లెక్క పక్కన చూపించి, అది దేనికి ఆధారమో దానికే వాడుకో.

ఇక శాసనం సంగతి. గుడి ముందు నిలబెట్టిన స్తంభానికి నాలుగు ముఖాల్లోనూ అక్షరాలు ఉండవచ్చు, కింది పంక్తులు మట్టిలో దిగబడి ఉండవచ్చు. ఒక్క ముఖాన్ని ఫొటో తీసుకుని వచ్చి చదవబోకు. అక్షరాలు కనబడాలని సుద్ద రుద్దడం, రంగు పూయడం ఎవరు చేయబోయినా మీ సంఘం అడ్డుపడాలి. పొద్దున గాని సాయంత్రం గాని ఏటవాలు వెలుతురులో తీస్తే అరిగిన గీతలు కూడా తేలతాయి. నకలు తీయడం మాత్రం తెలిసినవారి పక్కన నిలబడి నేర్చుకో. రాతిని కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టి, ఆపైన సిరా మెత్తతో అద్దుతారు. అక్షరాలు తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. చదవలేని అక్షరం దగ్గర చుక్కలు పెట్టు. ఊహించి పూరించిన అక్షరాన్ని కుండలీకరణంలో ఉంచితే, రేపు నీకన్నా బాగా చదవగలవాడికి దారి మూసుకుపోదు.

అయితే రాయి మరో పదేళ్లు ఆగుతుంది, మనుషులు ఆగరు. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. అంతకుముందు మీ ఊళ్లో ఏం పండించేవారో, ఎండాకాలం తాగునీళ్లు ఎక్కడినుంచి మోసేవారో, కాలువ తవ్వకానికి ఎవరెవరు కూలికి పోయారో కళ్లారా చూసి చెప్పగలవారు ఇప్పుడు డెబ్భై దాటి ఉన్నారు. నీ సమయంలో ఎక్కువ భాగం వారి అరుగుల మీద గడవాలి. చెప్పినవారి వయసు, వారికి ఆ సంగతి ఎవరు చెప్పారన్నది, స్వయంగా చూసిందా విన్నదా అన్నది అక్కడికక్కడే రాసుకో. పేరు అచ్చు వేయవచ్చో లేదో కూడా అడుగు. వారి మాటను నీ భాషలోకి మార్చి సరిదిద్దకు.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది ఇంకా ముఖ్యం. కైఫీయతు కరణంగారి మాట, శాసనం దానం ఇచ్చినవారి మాట. మీ సంచిక కూడా గుడి, పెద్దిళ్లు, సర్పంచుల వరుసతో ముగిస్తే ఊళ్లో సగానికి పైగా మనుషులు మరోసారి లెక్కలోకి రాకుండా పోతారు. పొలిమేర రాళ్లు ఎక్కడున్నాయో తెలిసిన వెట్టివారి, తలారుల కుటుంబాలను అడుగు. మాలపల్లెకూ మాదిగపల్లెకూ వెళ్లు. ఆడపిల్లవు కనుక నాట్ల పాటలూ, పురుళ్లు పోసిన మంత్రసానుల సంగతులూ నీతో చెప్పినంత తేలికగా మగవారితో చెప్పరు.

1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక చాలా కాగితాలు ఇళ్లల్లోనే చెదలు పట్టాయి. అలాంటి కట్ట కనబడితే ఇమ్మని అడగవద్దు. ఇంటివారి ఎదుటే పుట పుటా ఫొటో తీసుకుని, కట్ట వారికే అప్పగించి, ఎవరి ఇంట్లో ఏ తేదీన చూశావో సంఘం పుస్తకంలో ఎక్కించు.

సంచికకు చందా ఇచ్చినవారు తమ వంశాన్ని ఏదో రాజుతో కలపమని అడగడం కద్దు. ఆధారం చూపితే వేస్తామని సంఘమంతా ఒకే మాట మీద నిలబడండి. నీ ఒక్కదాని మీదకు ఆ బరువు రానీయకుండా ముందే తీర్మానం రాయించు.

సంచిక అచ్చయ్యాక ఒక ప్రతి ఊరి బడికీ, ఒకటి జిల్లా గ్రంథాలయానికీ చేర్చండి. ముందుగా శాసన పాఠమూ నకలు ఫొటోలూ నాకు పంపు, చదివి చూస్తాను.

శుభం.