చెరువు గట్టు దిగని శ్రీవారిని ఫిల్మ్ సిటీకి తీసుకువెళ్లేదెలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో, ఏటా డిసెంబరులో మా చెల్లెలితో కలిసి రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లి రెండు రోజులు గడిపి వచ్చేదాన్ని. నాకు సంక్రాంతి తరువాత అంతటి పండుగ అదే. పెళ్లయి తొమ్మిదేళ్లయినా మా వారిని ఒక్కసారి కూడా అక్కడికి కదిలించలేకపోయాను. ఆయన రొయ్యల చెరువులు చేస్తారు. "సినిమావాళ్లే మన కొబ్బరితోటలు వెతుక్కుంటూ వస్తుంటే, మనం టికెట్టు కొనుక్కొని వాళ్ల ఉత్తుత్తి ఇళ్లు చూడటానికి వెళ్లడమేమిటి? రంగులరాట్నమే ఎక్కాలంటే తీర్థానికి తీసుకువెళతాను పద" అని నవ్వేస్తారు. ఆయనకు చెప్పకుండా టికెట్లు తీసేయమని మా చెల్లెలు సలహా ఇస్తోంది. మా పాపకు ఏడేళ్లు. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, చెప్పకుండా మాత్రం టికెట్లు తీయకండి. రొయ్యల రైతును చెప్పాపెట్టకుండా రెండు రోజులు ఊరు దాటిస్తే, ఆయన మనిషి ఫిల్మ్ సిటీలోనూ మనసు చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల దగ్గరా ఉంటాయి. పగలంతా నీటిలోని నాచు వదిలిన ప్రాణవాయువును రాత్రి రొయ్యలూ నాచూ కలిసి వాడుకుంటాయి కాబట్టి, తెల్లవారుజామున చెరువులో అది అడుగంటుతుందని, ఆ వేళ కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే మూడు నెలల కష్టం గంటల్లో తేలిపోతుందని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆయన చెప్పే కారణం సినిమావాళ్ల మీద వేళాకోళమే అయినా, అసలు కారణం ఆ తెల్లవారుజామే అయి ఉంటుందని నా అనుమానం. మగవాళ్లు చాలామంది భయాన్ని భయమని చెప్పరు, హాస్యం చేసి తప్పించుకుంటారు.

అందుచేత ముందు తేదీ కుదుర్చుకోండి, తరువాత ఊరి పేరు ఎత్తండి. వనామీ రకం రొయ్యల పంట సుమారు నాలుగు నెలల్లో పట్టుబడికి వస్తుంది. పట్టుబడి అయిపోయి, నీరు తోడేసి, అడుగు మట్టి పగుళ్లిచ్చే దాకా ఎండబెట్టి, సున్నం చల్లి, మళ్లీ రొయ్య పిల్లను వదిలే లోపు కొన్నాళ్లు చెరువు ఖాళీగా ఉంటుంది కదా, ఆ రోజులే మీవి. అవి నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య పడితే మరీ మంచిది. ఏప్రిల్, మే నెలల ఎండలో ఆ ఆవరణలో తిప్పితే మీ మీద ప్రేమ ఉన్నవారు కూడా మళ్లీ రామంటారు. సరుకు ధర పడిపోయిన పట్టుబడి అయితే ఆ వారం అడగకండి, తరువాతి పంట దాకా ఆగండి. తొమ్మిదేళ్లు ఆగినవారికి నాలుగు నెలలు ఒక లెక్క కాదు.

ఇక ఆయన వేళాకోళం సంగతి. అందులో సగం నిజమే, ఒప్పుకోండి. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున, ఎన్నో సినిమాల షూటింగులు చూసిన ‘సినిమా చెట్టు’ 2024 ఆగస్టులో కూలినప్పుడు మన జిల్లాల వాళ్లు ఇంట్లో పెద్దదిక్కు పోయినంతగా బాధపడ్డారు. నిజమైన చెట్టు కింద నిజమైన షూటింగు చూసిన మనిషికి, ఫిల్మ్ సిటీ 1996లో మొదలై 1,666 ఎకరాల్లో విస్తరించిందని, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియోగా గిన్నిస్ రికార్డు ఉందని చెబితే ఏమి ఎక్కుతుంది? మీకు ముచ్చటగా అనిపించే భవంతులను ఆయనకు ముందు నుంచి కాక వెనక నుంచి చూపించండి. ముందు రాతి కట్టడంలా కనబడే గోడ వెనక ఇనుప చట్రం, ప్లాస్టరు, ఆనించిన కర్రలు ఉంటాయి. చెరువు మీద షెడ్డు తానే నిలబెట్టుకున్న మనిషి అక్కడ ఆగి, ఇది గాలివానకు ఎలా ఆగుతోందని తప్పక ఆరా తీస్తారు. అలాగే మూవీ మ్యాజిక్ విభాగంలో ప్రేక్షకుల్లోంచి ఒకరిని పిలిచి కదలని బండి ఎక్కించి, తెర మీద అది పరుగులు తీస్తున్నట్టు చూపించి, దానికి చప్పుళ్లు జోడించే ప్రదర్శనకు మొదటి రోజే వెళ్లండి. పూర్వం సినిమాల్లో గుర్రపు డెక్కల చప్పుడును కొబ్బరి చిప్పలతో పుట్టించేవారని ముందు రోజు రాత్రి మాటల్లో మాటగా చెప్పి ఉంచండి. మన కొబ్బరికాయకు ఆ గౌరవం దక్కిందంటే ఏ గోదావరి మనిషి చెవి ఒగ్గడు?

రంగులరాట్నం, ఎత్తు నుంచి జారే ఆటలు మీరూ పాపా ఎక్కండి, ఆయనను బలవంతం చేయకండి. కళ్లు తిరిగే మనిషిని నలుగురిలో పిరికివాడిని చేస్తే, ఆ ఒక్క సంగతి చాలు ఇంకో తొమ్మిదేళ్లు రాకుండా ఉండటానికి. దారి ఎలాగూ కలుపుతోంది కదా అని రావిర్యాల వండర్‌లాను కూడా ఈ ప్రయాణంలో ఇరికించకండి. 2016లో తెరిచిన ఆ పార్కులో ఆటలే ప్రధానం. అది మీకూ మీ చెల్లెలికీ వేరే ప్రయాణం.

నేను చేసిన పొరపాటు కూడా చెబుతాను. మా వారిని మొదటిసారి అక్కడికి తీసుకువెళ్లినప్పుడు, ప్రతి మలుపు దగ్గరా "అదిగో, ఇక్కడే..." అంటూ నేను కథలు చెప్పుకుపోయాను. మధ్యాహ్నానికి ఆయన ఒక రాతి అరుగు మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్లు చాపుకొని, "నువ్వు చూసి రా, నేను ఇక్కడే ఉంటాను" అన్నారు. నా జ్ఞాపకాలను ఆయన చేత మోయించాలని చూశానని అప్పుడు అర్థమైంది. మరుసటి రోజు నోరు కట్టేసుకున్నాను. ఆయన తనంతట తానే పక్షుల పార్కులో గంటన్నర గడిపారు.

ప్రయాణానికి మన వైపు నుంచి విజయవాడ మీదుగా వెళ్లే రాత్రి బస్సు మేలు. ఫిల్మ్ సిటీ ద్వారం హైవే మీదే, హయత్‌నగర్ కంటే ముందే వస్తుంది కాబట్టి నగరంలోకి వెళ్లి వెనక్కి రానక్కరలేదు. తెల్లవారి దిగి, స్నానం, టిఫిన్ ముగించుకుంటే తలుపులు తెరిచే వేళకు చేరుకుంటారు. చెరువు దగ్గర కాపలా ఉండే మనిషికి రెండు పూటలా ఫోన్ చేసి మాట్లాడే వీలు ఆయనకు ఉంచండి. ఆ ఫోన్లు మోగినప్పుడు మీరు మాత్రం మొహం ముడుచుకోకండి.