ఎడమచేతి పిచ్చర్‌కి డ్రాఫ్టా, డిగ్రీయా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం, హెచ్-1బీ మీద. మా అబ్బాయికి 16 ఏళ్లు, హైస్కూల్ బేస్‌బాల్ టీమ్‌లో ఎడమచేతి పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు). డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ టీమ్‌లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతి) ఏ టీమ్ తీసుకున్నా సరే, ఇక కాలేజీకి వెళ్లనంటున్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: ముందు కాలేజీయే అని చెప్పండి. అలాగని ఆట మానమనకండి.

బాబుది ఎడమచేతి వాటం కావడం నిజంగానే ప్లస్. లెఫ్ట్ హ్యాండ్ బ్యాటర్లు ఆ బంతికి ఇబ్బంది పడతారు, ఫస్ట్ బేస్ మీదున్న రన్నర్ కూడా పిచ్చర్‌కి ఎదురుగానే ఉంటాడు కాబట్టి అతనిపై కన్నేయడం తేలిక. పెద్ద వేగం లేని ఎడమచేతి పిచ్చర్ జేమీ మోయర్ 2012లో 49 ఏళ్ల వయసులో మేజర్ లీగ్ మ్యాచ్ గెలిచాడు. అయితే ఒక్క బ్యాటర్ కోసం లెఫ్టీని దింపి వెంటనే మార్చేసే అలవాటుకి 2020లో గండిపడింది. ఇప్పుడు కనీసం ముగ్గురికి వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగియాలి.

డ్రాఫ్ట్‌లో 20 రౌండ్లుంటాయి. పెద్ద బోనస్‌లు మొదటి రౌండ్లలో ఎంపికైనవాళ్లకే. 2023లో కుదిరిన ఆటగాళ్ల ఒప్పందంలో, మేజర్ లీగ్‌కి బాగా కింది స్థాయి అయిన సింగిల్-ఎలో కనీస జీతం ఏడాదికి 26,200 డాలర్లు. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మామూలుగా మూడేళ్లయ్యాకో, 21 వచ్చాకో మళ్లీ డ్రాఫ్ట్‌కి అర్హత వస్తుంది. ఈలోగా చదువూ సాగుతుంది.

అసలు టెన్షన్ వీసా. హెచ్-1బీ వాళ్ల పిల్లలకిచ్చే హెచ్-4 మీద చదువుకోవచ్చు, జీతం మాత్రం తీసుకోకూడదు. కాంట్రాక్ట్ ఇచ్చే టీమే క్రీడాకారులకిచ్చే పి-1 లాంటి వీసాకి దరఖాస్తు పెట్టాలి. 21 నిండితే హెచ్-4 కూడా ఉండదు. గ్రీన్‌కార్డ్ క్యూ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఇప్పుడే మాట్లాడండి.

బేస్‌బాల్ ఆడిన రింకూ సింగ్ (క్రికెటర్ కాదు) పేరు బాబుకి తెలిసే ఉంటుంది. ఉత్తరప్రదేశ్ కుర్రాడు, జావెలిన్ విసిరేవాడు, ఎడమచేతి వాటమే. 2008లో ఇండియాలో జరిగిన టీవీ పోటీ గెలిచి, పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. సింగిల్-ఎ దాటకుండానే గాయాలు ఆట ఆపేశాయి. తర్వాత రెజ్లింగ్‌లోకి వెళ్లాడు.

అందుకే మోచెయ్యి జాగ్రత్త. బాబు వయసుకి పిచ్ స్మార్ట్ (కుర్ర పిచ్చర్ల చేతికి గాయాలు కాకుండా పెట్టిన మార్గదర్శకాలు) నియమాల ప్రకారం రోజుకి 95 బంతులే, 75 దాటితే నాలుగు రోజుల విశ్రాంతి. ఏడాదిలో నాలుగు నెలలు మ్యాచ్‌ల్లో పిచింగ్ వద్దు. స్కూల్ కోచ్ తన లెక్క తాను వేస్తాడు, ట్రావెల్ టీమ్ (స్కూల్ బయట టోర్నమెంట్లు ఆడే క్లబ్ టీమ్) కోచ్ తనది తాను. శనివారం ఒకచోట 70, ఆదివారం ఇంకోచోట 60 వేస్తే అడ్డుకునేవాళ్లు ఉండరు. రెండు టీమ్‌ల బంతులూ కలిపి ఒకే నోట్‌బుక్‌లో మీరే రాయండి. పరిమితి దాటే వారం వస్తే, ఎంట్రీ ఫీజు కట్టేసినా సరే, టోర్నమెంట్‌కి పంపకండి.