ఆసుపత్రి చెత్తను వ్యాన్లలో తీసుకెళ్లి కాల్చేస్తారు కదా, ఇక మామూలు జనానికి ప్రమాదమేముంది?

మీరు పెద్దాసుపత్రుల సంగతి చెబుతున్నారు. వాళ్లకు రంగురంగుల డబ్బాలుంటాయి, వ్యాను వస్తుంది. నా గొడవంతా సందుల్లో ఉండే చిన్న క్లినిక్‌లతోనే.

మాది తిరుపతి, కొర్లగుంట వైపు. మా వీధికి చెత్త బండితో వచ్చే అక్క ఒకరోజు మా గేటు ముందు నల్ల కవరు విప్పి తడి, పొడి వేరు చేస్తూ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. బొటనవేలి పక్కన రక్తపు చుక్క. కవర్లో కూరగాయల తొక్కలు, వాటి కింద రక్తం అంటిన దూది, మూతల్లేని సూదులు, సెలైన్ పైపు ముక్క. అది ఏ ఇంటి చెత్తా కాదని చూస్తేనే తెలుస్తోంది. "ఏం కాదులే నాయనా, ఎన్నిసార్లు గుచ్చుకోలేదు" అని కొంగుతో తుడుచుకుని బండి తొయ్యబోయింది. ఆ మాటకే నాకు కడుపు మండిపోయింది. సబ్బుతో కడిగించి, బలవంతంగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. హెపటైటిస్ బి (రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే జబ్బు) టీకా వేయించుకున్నావా అని డాక్టరు అడిగితే, ఆ పేరే ఎప్పుడూ వినలేదంది. హెచ్ఐవీ రాకుండా మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, 28 రోజులు మింగాలి. ఆ తర్వాత కూడా రక్తపరీక్షలు, టెన్షన్.

అందరూ హెచ్ఐవీకే భయపడతారు గానీ, నన్నడిగితే ముందు భయపడాల్సింది హెపటైటిస్ బికి. ఆ వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. 2009లో గుజరాత్‌లోని మోడాసాలో వాడిన సిరంజిలనే మళ్లీ వాడడంతో ఈ జబ్బు పాకి పదుల మంది చనిపోయారు.

ఆసుపత్రి చెత్త గురించి కేంద్రం తెచ్చిన 2016 నాటి నియమాలు ఒకే డాక్టరున్న క్లినిక్‌కూ వర్తిస్తాయి. సూదులు బయటికి పొడుచుకురాని గట్టి తెల్ల డబ్బాలో వేయాలి, మామూలు చెత్తలో కలపనే కూడదు. బోర్డు మీద అన్ని డిగ్రీలు రాయించుకున్నవాళ్లకు ఇది తెలియదా? ఆ చెత్త వ్యానుకు నెలనెలా కట్టే నాలుగు డబ్బులు మిగుల్చుకోవడానికి చేసే పని ఇది. కొందరైతే ఖాళీ స్థలంలో పోసి నిప్పు పెడతారు, ఆ ప్లాస్టిక్ పొగ పీల్చేది చుట్టుపక్కల పిల్లలు. ఇక మిగిలినదాన్ని ఆవులు చింపి వీధంతా ఈడుస్తాయి.

ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్లుంటే సూదుల్ని ఖాళీ హార్పిక్ సీసాలో వేసి, మూత బిగించి, పైన "సూదులు" అని రాసి చెత్త బండివాళ్ల చేతికి విడిగా ఇవ్వండి. ఆసుపత్రి చెత్త ఎత్తేవాళ్లకు హెపటైటిస్ బి టీకా వేయించాలని ఆ నియమాల్లోనే ఉంది, అదే చెత్త మన వీధిలో ఎత్తేవాళ్లకూ మూడు డోసులూ ఉచితంగా వేయాల్సిందే. మా వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చాను, మీ వార్డులో మీరూ ఇవ్వండి.