అమెరికాలో పల్లె ఆసుపత్రి మూతపడితే క్యాన్సర్ రోగులకు, ముఖ్యంగా నల్లజాతివారికి నష్టమెందుకు?

జబ్బు ముదిరాక బయటపడే ప్రమాదం, చికిత్సకు అంతరాయం రెండూ పెరుగుతాయి. 2010 నుంచి అక్కడ వందకు పైగా గ్రామీణ ఆసుపత్రులు మూతపడ్డాయి లేదా ఇన్‌పేషెంట్ సేవలు ఆపేశాయి. దెబ్బ ఎక్కువగా దక్షిణాది మీదే. గ్రామీణ నల్లజాతివారిలో అత్యధికులు ఉండేదీ అక్కడే. ఇన్సూరెన్స్ లేనివాళ్లు ఎక్కువ. పైగా టెక్సస్, మిసిసిపీ లాంటి రాష్ట్రాలు పేదలకిచ్చే మెడికెయిడ్ బీమాను విస్తరించలేదు. ఇక వసూలు కాని బిల్లులతో చిన్న ఆసుపత్రి ఎన్నాళ్లు నెట్టుకొస్తుంది?

కీమో తీసుకుంటున్న మనిషికి అర్ధరాత్రి 101 డిగ్రీల జ్వరం వచ్చిందనుకోండి. తెల్లకణాలు పడిపోయి ఉంటే గంటలోపే యాంటీబయాటిక్ పడాలి. దగ్గర్లో ఎమర్జెన్సీ లేక, కారూ లేకపోతే అది ప్రాణం మీదికొస్తుంది.

‘చిన్న ఆసుపత్రిలో క్యాన్సర్ వైద్యం ఎలాగూ ఉండదుగా’ అనుకోవడం పొరపాటు. పెద్ద ఆపరేషన్లు సిటీలోనే, సరే. మామోగ్రామ్, స్కాన్, రక్తపరీక్షలు మాత్రం చాలామందికి ఊరి ఆసుపత్రిలోనే జరుగుతాయి; కొన్నిచోట్ల కీమో కూడా.