ఆర్ట్ స్టూడెంట్‌ని. పిల్లల బొమ్మల పుస్తకం వేస్తున్నాను. పని సరిగ్గా సాగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా పిల్లల బొమ్మల పుస్తకం తీసుకున్నారు. గడువు సగం అయిపోయింది. రంగులతో సహా పూర్తయిన పేజీలు మూడే. క్లాసులో మిగతావాళ్లు చాలా ముందున్నారని టెన్షన్ పడుతున్నారు.

ఆ మూడు పేజీలను చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. మీ దగ్గర డమ్మీ ఉందా లేదా, అది చెప్పండి. మామూలు కాగితాలు మడిచి, మధ్యలో స్టేపుల్ చేసి, మొదటి పేజీ నుంచి చివరిదాకా పెన్సిల్ గీతలతోనైనా సరే, చేత్తో తిప్పి చదవగలిగే పుస్తకం ఉంటే మీరు సగం దాటేశారు. అది లేకపోతే, పది పేజీలు రంగులతో తళతళలాడుతున్నా ఇంకా మొదలుపెట్టనట్టే. ఈ మాట మీద నాకు అనుమానమే లేదు.

నేను చదువుకునేటప్పుడు ఇదే ప్రాజెక్టు చేశాను. కథ నా క్లాస్‌మేట్ రాసింది. గాలివానలో ఒక పాప చేతిలోంచి గొడుగు ఎగిరిపోతుంది. పాప దాని వెనకే పరిగెడుతుంది. ఇళ్ల కప్పులు, చెరువు, గొర్రెల మంద, అన్నీ దాటాక గొడుగు ఒకచోట ఆగుతుంది. దాని కింద ఒక కుక్క, దాని పిల్లలు వెచ్చగా పడుకుని ఉంటాయి. పాప గొడుగును అక్కడే వదిలేసి తడుస్తూ ఇంటికి వెళ్లిపోతుంది. అంతే కథ. వినగానే బొమ్మలు కళ్లముందుకు వస్తాయి కదా, అందుకే నాకు నచ్చింది.

మధ్యంతర రివ్యూ రోజు అందరూ పూర్తి చేసిన షీట్లు గోడకు అంటించారు. నేను బల్ల మీద డమ్మీ, దాని పక్కన క్యారెక్టర్ షీటు (పాపను రకరకాల వైపుల నుంచి, రకరకాల మూడ్లలో గీసిన కాగితం), అన్ని స్ప్రెడ్ల (పుస్తకం తెరిస్తే పక్కపక్కనే కనిపించే జంట పేజీల) రంగులూ చిన్న చిన్న గళ్లలో వేసిన ఒక పట్టీ పెట్టాను. మార్కులు వేయడానికి వచ్చినవాళ్లలో ఒకరు డమ్మీని ముట్టుకోను కూడా లేదు. "ఫైనల్ పేజీలు ఎక్కడ? ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని అడిగి, నోట్‌బుక్‌లో ఏదో రాసుకుని పక్క బల్లకు వెళ్లిపోయారు. పుస్తకాన్ని చేతిలోకి తీసుకోకుండా పుస్తకానికి మార్కులు వేసే పద్ధతి మీద నాకు ఇప్పటికీ కోపమే. గోడ మీద బొమ్మ వేరు, పుస్తకంలో బొమ్మ వేరు. గోడ మీద అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. పుస్తకంలో ఒకటి కనిపించాలంటే ఇంకోటి దాగాలి. పేజీ తిప్పేదాకా పిల్లలకు తరువాత ఏమవుతుందో తెలియదు. ఆ తెలియకపోవడం మీదే మొత్తం కథ నడుస్తుంది. గోడకు అంటించగానే అది కాస్తా పోతుంది.

మారిస్ సెండాక్ 1963లో చేసిన 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' మీ లైబ్రరీలో దొరికితే ఒకసారి ఈ దృష్టితో తిరగేయండి. మొదట బొమ్మ చిన్నది, చుట్టూ బోలెడు తెల్లటి ఖాళీ. పిల్లవాడి ఊహ పెరిగేకొద్దీ బొమ్మ పేజీని ఆక్రమిస్తూ పోతుంది. నడి కథకు వచ్చేసరికి మూడు స్ప్రెడ్ల నిండా బొమ్మలే, ఒక్క మాట ఉండదు. చివరి పేజీలో మాటలే, బొమ్మ లేదు. అందులోంచి ఏదో ఒక పేజీ చింపి గోడకు అంటిస్తే, మంచి బొమ్మ అంటారు, అంతకు మించి ఏమీ తెలియదు. బొమ్మ సైజు కూడా కథ చెబుతోందని పేజీలు తిప్పితేనే తెలుస్తుంది. ఇలాంటిది ఒక్కో పేజీ పూర్తి చేసుకుంటూ వెళ్తే పుట్టదు. పేజీలన్నీ కలిసి ఎదగాలి.

ఇక అసలు సంగతి. రివ్యూ అయిన కొద్ది రోజులకు మా అక్క కూతురు వచ్చింది. అప్పటికి నాలుగేళ్లు. అదే డమ్మీ తీసుకుని దాని పక్కన నేల మీద కూర్చున్నాను. రంగుల్లేవు. కొన్నిచోట్ల పాప ముఖం ఒక సున్నా, రెండు చుక్కలు, అంతే. "ఇది ఇంకా అవ్వలేదు" అని ముందే చెప్పాను. దానికి ఆ మాటతో ఏం పని? పేజీ కుడి మూల వేళ్లతో పట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

రెండో స్ప్రెడ్‌లో చూరు కింద ఒక కుక్కను చిన్నగా గీశాను. కథలో దాని గురించి ఇంకా ఒక్క మాటా లేదు. నేను పాప గురించి చదువుతుంటే అది నా చెయ్యి పక్కకు నెట్టి, "ఇదిగో కుక్క, తడుస్తోంది" అంది. అక్కడి నుంచి ప్రతి పేజీలో ముందు వెతికేది కుక్క కోసమే. కనపడితే వేలు పెట్టి చూపించేది. కనపడకపోతే, "ఇంకా రాలేదా?" అని నన్నే అడిగేది.

గొడుగు సగం పేజీలో, సగం కుడి అంచు బయట ఉన్న స్ప్రెడ్ ఒకటి ఉంది. అక్కడ నేను వాక్యం పూర్తి చేయకముందే పేజీ తిప్పేసింది. ఎంత సంతోషం వేసిందో! నేను ఆ గొడుగును అంచు దాకా తోసింది అందుకే. తరువాతి స్ప్రెడ్ చెరువు. దాని కింద నాలుగు వాక్యాలు: గొడుగు చెరువులో పడింది, నీళ్ల మీద తేలింది, మళ్లీ గాలి వచ్చింది, మళ్లీ ఎగిరింది. మొదటి వాక్యానికే పిల్ల గుమ్మం వైపు చూడటం మొదలుపెట్టింది. బొమ్మలో కనపడుతున్నదాన్నే నేను మళ్లీ చదువుతున్నాను మరి.

ఆ తరువాత, "పాపకు భయం వేసింది" అని చదివాను. పిల్ల బొమ్మ వైపు వంగి చూసి, "భయం కాదు పిన్నీ, కోపం. చూడు, చేతులు ఇలా పెట్టింది" అంటూ రెండు పిడికిళ్లూ బిగించి చూపించింది. ముఖంలో కళ్లూ నోరూ సరిగా లేని బొమ్మ అది. చేతులు చూసి చదివేసింది.

చివరి స్ప్రెడ్‌లో గొడుగు కింద కుక్కను చూశాక ఏమీ అనలేదు. వెనక్కి, వెనక్కి తిప్పుకుంటూ చూరు కింద కుక్క ఉన్న పేజీకి వెళ్లింది. అక్కడ కాసేపు చూసి మళ్లీ చివరికి వచ్చింది. "మళ్లీ చదువు" అంది.

రివ్యూ అంటే నా దృష్టిలో అదీ. లేఅవుట్ గురించి నాలుగేళ్ల పిల్లకు తెలిసినంత ఏ ప్యానెల్‌కూ తెలియదు. ఆ రాత్రే నా క్లాస్‌మేట్‌కు ఫోన్ చేశాను. భయం తీసేసి కోపం పెట్టింది. గాలి మీద కోపం వచ్చిన పాప, భయపడ్డ పాప కన్నా ఎంత బాగుందో ఆమెకే ఆశ్చర్యం. చెరువు దగ్గర నాలుగు వాక్యాలూ కొట్టేసింది. ఆ స్ప్రెడ్ మాటలు లేకుండా ఉండిపోయింది, పుస్తకంలో అందరికీ ఎక్కువ నచ్చింది అదే. కుక్కను నేను ప్రతి స్ప్రెడ్‌లోకీ తీసుకొచ్చాను, ఎక్కడో దూరంగా, ఒకచోట తోక మాత్రమే. ఈ మార్పులన్నీ సులువుగా అయిపోయాయి, ఎందుకంటే అంతా పెన్సిలే. అదే 300 జీఎస్ఎం మందపాటి కాగితం మీద వాటర్‌కలర్‌తో ఫినిష్ చేసిన పేజీలైతే మార్చడానికి ఎవరికి మనసొప్పుతుంది? బొమ్మ బాగుంది కదా అని కథను దానికి తగ్గట్టు వంచుతారు. స్టూడెంట్ పుస్తకాల్లో కథ తేలిపోవడానికి అసలు కారణం ఇదే.

మీ క్లాసులో వాళ్లు ముందున్నారని రాశారు. వాళ్ల ప్రోగ్రెస్ మీకు ఎక్కడ కనపడుతోంది? ఫోన్‌లో, టైమ్‌ల్యాప్స్ వీడియోల్లో అయి ఉంటుంది. తెల్ల కాగితం మీద అర నిమిషంలో అడవి మొలిచేస్తుంది, వేల లైకులు. ఆ అడవి తరువాతి పేజీలో ఏమవుతుందో ఎవరూ అడగరు. ఒక్క మంచి బొమ్మ వేయడం, ఒకే పాపను అన్ని వైపుల నుంచి, అన్ని మూడ్లలో, చివరిదాకా అదే పాపలా వేయడం, రెండూ వేరు వేరు పనులు. రెండోది వీడియోకు పనికిరాదు. అందుకే ఎవరూ చూపించరు.

ఇంకోటి కూడా చెప్పాలి. "పిల్లల బొమ్మలే కదా" అనే మాట నాకు అసలు పడదు. పెయింటింగ్ చేసేవాళ్లను అడగని ప్రశ్నలు మనల్ని అడుగుతారు. పెద్ద మనిషిని ఏడున్నర తలల ఎత్తుగా గీయడం ఫస్ట్ ఇయర్‌లో నేర్పుతారు. చిన్నపిల్లల కొలతలు వేరు, తల పెద్దది, మెడ కురచ, నడకే వేరు. అది మాత్రం ఎవరికి వాళ్లు నేర్చుకోవాల్సిందే. దాంతో చాలామంది పెద్దవాళ్లను కుదించి, పెద్ద కళ్లు పెట్టి పిల్లలు అనేస్తారు. దయచేసి పార్కులోనో స్కూలు బయటో కూర్చుని పిల్లలు పరిగెత్తడం, కింద కూర్చోవడం, అలగడం చూసి స్కెచ్ చేయండి. పిడికిళ్లు ఎలా బిగిస్తారో చూడండి.

ఇక మీ పని. 32 పేజీలు అనుకుంటాను, బొమ్మల పుస్తకాలు ఎక్కువగా అంతే ఉంటాయి. పెద్ద షీటుకు రెండు వైపులా అచ్చేసి మడిచి కోస్తారు కాబట్టి పేజీలు 8, 16 చొప్పున పెరుగుతాయి. టైటిల్, కాపీరైట్ పేజీలు పోతే కథకు మిగిలేది దాదాపు 12 నుంచి 14 స్ప్రెడ్లు. ముందు వాటన్నిటినీ ఒకే కాగితం మీద అగ్గిపెట్టెలంత గళ్లలో గీయండి. దూరం నుంచి చూడండి. అన్ని గళ్లలోనూ పాప ఒకే సైజులో మధ్యలో నిలబడి ఉంటే కథ కదలడం లేదని అర్థం. మన చదువు ఎడమ నుంచి కుడికి వెళ్తుంది కాబట్టి కుడివైపు పరిగెత్తే పాప ముందుకు పోతున్నట్టుంటుంది, ఎడమకు తిరిగితే అడ్డం వచ్చినట్టో, ఇంటికి తిరిగొస్తున్నట్టో ఉంటుంది. నా పాప చివర్లో మాత్రమే ఎడమకు తిరుగుతుంది.

రాతకు చోటు ఇప్పుడే వదలండి. బొమ్మంతా అయ్యాక ఖాళీ ఎక్కడుందా అని వెతికితే ఆకాశంలో ఇరికించాల్సి వస్తుంది. తెలుగులో రాస్తుంటే ఇంకా ఎక్కువ చోటు కావాలి. పైన గుడులు, కింద ఒత్తులు, వరసల మధ్య ఖాళీ చాలకపోతే ఒకదానికొకటి తగులుకుంటాయి. చదవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు అది నరకం. ముఖాలు మధ్య మడతలో పడకుండా చూసుకోండి. అంచు దాకా బొమ్మ ఉండే పేజీల్లో బ్లీడ్ కోసం, అంటే అచ్చయ్యాక కోతలో పోయే అంచు కోసం, కనీసం 3 మిల్లీమీటర్లు బయటికి గీయండి.

టాబ్లెట్ మీద వేస్తుంటే మరీ జూమ్ చేయకండి. తెర నిండా ఒక్క చెవి పెట్టుకుని దాని మీద వెంట్రుకలు గీస్తూ కూర్చునేవాళ్లను చూశాను. పుస్తకం సైజుకు వచ్చేసరికి అవేవీ కనపడవు. అసలు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) పెట్టుకుని, మధ్యమధ్యలో ప్రింట్ తీసి చూడండి. తెర మీద మెరిసే నీలం, ఆకుపచ్చ సీఎంవైకేలో, అంటే ప్రెస్సు వాడే నాలుగు రంగుల సిరాల్లో, అచ్చయ్యేసరికి నీరసపడతాయి. పుస్తకమంతా ఆ నీలం మీదే ఆధారపడి ఉంటే చివర్లో గుండె జారిపోతుంది.

ఇప్పుడు మీ మూడు పేజీలు. పారేయక్కర్లేదు, కానీ కొన్నాళ్లు కనపడకుండా లోపల పెట్టేయండి. డమ్మీ చేసి, ఇద్దరు ముగ్గురు పిల్లలకు విడివిడిగా చదవండి. ఎలా ఉందని మాత్రం అడగకండి, వాళ్లు ఎక్కడ పేజీ తిప్పారో, ఎక్కడ దిక్కులు చూశారో గమనించి రాసుకోండి. తరువాత ఫైనల్ పేజీలు మొదలుపెట్టేటప్పుడు మధ్యలోని స్ప్రెడ్లతో మొదలుపెట్టండి. పని చేసేకొద్దీ చెయ్యి మెరుగవుతుంది. వరసగా వేసుకుంటూ వెళ్తే అందరికంటే ముందు కనపడే మొదటి పేజీయే అన్నిటికన్నా బలహీనంగా తేలుతుంది. మొదటిదీ చివరిదీ ఆఖరున వేయండి. కవర్ వాటి తరువాత. రివ్యూలో ఎన్ని పేజీలయ్యాయని అడిగితే డమ్మీ వాళ్ల చేతికిచ్చి, "ఒకసారి తిరగేయండి సార్" అనండి.