దూరవిద్య ఎంఏ కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది జయపురం. తాతల కాలంలో సాలూరు నుంచి వచ్చి ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో స్థిరపడ్డాం. నాకు 26 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతున్నాను. జీతం 17,000. నాన్న లేరు. ఇంటికి 9,000 ఇస్తాను, 2,000 చీటీ కడతాను, నా ఖర్చులకు 3,000 అవుతాయి. బ్యాంకులో 35,000 ఉన్నాయి. ఆంధ్ర, ఒడిశా రెండూ మావేననే కోటియా ఊళ్ల గొడవ వింటూ పెరిగినదాన్ని, సరిహద్దుల గురించి చదవాలని చిన్నప్పటి కోరిక. అంతర్జాతీయ సంబంధాల్లో ఎంఏ దూరవిద్యలో చేద్దామనుకుంటున్నాను. ఇక్కడ ఒక స్టడీ సెంటర్ వాళ్లు వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీ పేరు చెప్పి అన్నీ కలిపి 1,20,000 అంటున్నారు. అమ్మ తన గాజులు తాకట్టు పెడతానంటోంది. పెట్టమంటారా?

జవాబు: వద్దమ్మా. చదువు మానమని కాదు, తప్పకుండా చదవండి. ఆ గాజుల జోలికి మాత్రం వెళ్లకండి.

ముందు ఆ సెంటర్ సంగతి. రాష్ట్ర యూనివర్సిటీలు, ప్రైవేటు యూనివర్సిటీలు తమ రాష్ట్రం దాటి దూరవిద్య సెంటర్లు నడపకూడదు. ఎవరికో ఫ్రాంచైజీ ఇచ్చి నడిపించడానికి అసలే వీల్లేదు. ఇది యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ నిబంధన. వేరే రాష్ట్రం యూనివర్సిటీ సెంటర్ జయపురంలో ఉందంటేనే అనుమానించాలి. మా పెదనాన్నగారి అబ్బాయి ఇలాంటి ఒక చోట డబ్బు కట్టి పట్టా తెచ్చుకున్నాడు. ఉద్యోగం దగ్గర అది చెల్లలేదు. పోయిన డబ్బు కంటే, పోయిన ఆ మూడేళ్లు తలుచుకుని పెద్దమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. మీ ఇంట్లో అది జరగకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను. యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకి అనుమతి ఉందో చూడొచ్చు. చేరడానికి కావలసిన డెబ్ ఐడీ (దూరవిద్య విద్యార్థి నమోదు నంబరు) కూడా మీరే ఉచితంగా తీసుకోవచ్చు.

ఇక లెక్క. 1,20,000 బంగారం మీద 12 శాతం వడ్డీకి తెచ్చి రెండేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 5,650 కట్టాలి. ఖర్చులన్నీ పోగా మీ చేతిలో మిగిలేది 3,000. మిగతా 2,650 ఎక్కడి నుంచి తెస్తారు? చీటీ ఆపాలి, లేదా అమ్మకిచ్చేది తగ్గించాలి. వడ్డీయే 15,500 పైన అవుతుంది.

ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ప్రాంతీయ కేంద్రం మీ పక్కనే, కోరాపుట్‌లో ఉంది. అది కేంద్ర యూనివర్సిటీ కాబట్టి రాష్ట్రాల హద్దుల సమస్య లేదు. అక్కడ ఎంఏ పొలిటికల్ సైన్స్ మొదటి ఏడాదిలోనే అంతర్జాతీయ సంబంధాలు ఒక పూర్తి పేపర్. రెండో ఏడాది ‘ఇండియా అండ్ ది వరల్డ్’, ‘పీస్ అండ్ కాన్‌ఫ్లిక్ట్ స్టడీస్’ లాంటివి ఎంచుకోవచ్చు. పట్టా మీద అంతర్జాతీయ సంబంధాలు అని ఉండదే అని వెనకాడకండి. మీరు టీచర్. రేపు ఇంటర్ స్థాయిలో చెప్పాలన్నా పొలిటికల్ సైన్స్ పేరుతో ఉన్న పట్టాయే ఎక్కువ చోట్ల పనికొస్తుంది. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టంగా చెప్పింది కూడా.

ఫీజు, పరీక్ష ఫీజులు, కోరాపుట్ బస్సు ఛార్జీలు, ప్రింట్లు అన్నీ కలిపి రెండేళ్లకు 40,000 అనుకుని బడ్జెట్ వేసుకోండి. నెలకు 1,700 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే సరిపోతుంది. ఫీజు ఏడాదికి ఒకసారి కడతారు కాబట్టి మొదటిసారి మాత్రం ఆ 35,000 నుంచి తీసి, తర్వాతి నెలల్లో తిరిగి నింపండి. మిగిలిన 1,300 కూడా ఆ బ్యాంకు పొదుపులోనే వేయండి. అమ్మకు ఒంట్లో బాగోకపోతే ఆదుకునేది అదే. రెండేళ్ల కోర్సుని నాలుగేళ్ల వరకు పూర్తి చేసుకోవచ్చు. స్కూల్లో పరీక్షల టైమ్‌లో టెన్షన్ పడనవసరం లేదు.

ఈ చదువు ఏమిస్తుందో కూడా సూటిగా చెప్పాలి. ఫారిన్ సర్వీస్‌కి ఎంఏ అక్కర్లేదు, సివిల్స్ రాయడానికి ఏ డిగ్రీ అయినా చాలు. ఎంఏతో నిజంగా తెరుచుకునే దారి నెట్, అంటే కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష. ఇగ్నోలో 40 శాతంతో పాసవుతారు కానీ నెట్‌కి 55 శాతం కావాలి, ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీలకైతే 50. అదే పరీక్షలో పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 ఇస్తారు. దానికి వయసు పరిమితి 30, మహిళలకు మరో ఐదేళ్ల సడలింపు ఉంది. అంటే మీకు టైమ్ ఉంది. ఇగ్నోలో అసైన్‌మెంట్లకే 30 శాతం మార్కులు. వాటిని చివరి వారంలో ఎవరి దగ్గరో చూసి రాయకండి. మీ 55 శాతం అక్కడే ఖాయమవుతుంది.

డబ్బు కట్టే ముందు ఈ నెలంతా ఒక పని చేయండి. ఇగ్నో పాఠాలు దాని ఈజ్ఞాన్‌కోశ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. అంతర్జాతీయ సంబంధాల పేపర్ దించుకుని రోజూ రాత్రి ఒక గంట చదవండి. తెలుగులో ఉండదు, ఇంగ్లీషు లేదా హిందీలోనే చదవాలి. నెల తర్వాత కూడా చదవాలనిపిస్తే చేరిపోండి. చీటీ మాత్రం ఫీజు కోసమని తొందరపడి పాడుకోకండి, చివరిదాకా ఉంచితే మీకు ఎక్కువ వస్తుంది.